బురదబాటయు, జీపు కడుగుటయు

గత వర్షకాలమున మా విద్యార్థి యొకని తండ్రిగారు మాకొక జాబు వ్రాసిరి. తమ కుమారుని చదువుకొనుటకు పంపితిమి గాని మోటారు కడుగుటకు పంపలేదని అందలి సారాంశము. జాబు కోపముతో వ్రాసినదే యైనను అందు న్యాయము లేకపోలేదు. అప్పుడు క్లుప్తముగా ప్రత్యుత్తరమిచ్చి ఊరకుంటిమి. అయితే జీపు నేల కడుగవలయును, ఎట్లు కడుగవలయును, అసలంత బురద దానికెక్కడనుండి వచ్చుచున్నది అను సంగతులు సావకాశముగా చెప్పదగినవని తోచి, మిగిలిన తలిదండ్రులకును విద్యార్థులకును గూడ ఉపయోగపడునను తలంపుతో ఈ సంచికయందు వ్రాయుచున్నాము.

మా పాఠశాల కుందూ నది లోయలోని నల్లరేగడి నేలయందున్నది. తారురోడ్డు మా గుమ్మము వరకు వచ్చినది. ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన 2000వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ఆరంభమైన పిమ్మట మా చుట్టుపట్ల పెద్ద గ్రామములకు మంచి రోడ్లు పడినమాట నిజమే. కాని మా వసతిగృహపు పిల్లలలో పలువురు మజరా పల్లెలనుండియు, పొలముల నడుమ కొట్టములు వేసికొని యున్న కుటుంబములనుండియు వచ్చినవారు. వారి ఇండ్లకు చివరి రెండు మూడు కిలోమీటర్లు నేటికిని మట్టిబాటయే. సెలవులకు పిల్లలను దిగబెట్టుటకును, బియ్యము, కట్టెలు తెచ్చుటకును, రాత్రివేళ జ్వరము తగిలిన పిల్లవానిని ఆసుపత్రికి చేర్చుటకును మా పాత జీపే ఆధారము. జూన్ మొదలు అక్టోబరు వరకు అది బురదలో బ్రతుకవలసినదే.

ముందుగా ఈ బురద యెట్టిదో తెలిసికొందము. మట్టియంతయు ఒక్కటే యని తలంచువారు రేగడిలో ఒకసారి నడచిన చాలును, ఆ భ్రమ వదలును. ఇసుక రేణువు మనకంటికి కనబడును. బంకమట్టి రేణువు మిల్లీమీటరులో ఐదువందలవ వంతుకంటెను చిన్నది. అందులోను మన రేగడియందు మాంట్‌మోరిల్లొనైట్ అను ఖనిజము విస్తారముగా నుండును. ఫ్రాన్సుదేశమున మాంట్‌మోరిల్లన్ అను పట్టణము కలదు. దాని పేరే దీనికి వచ్చినది. దీని రేణువులు పుస్తకపు పుటలవలె పలుచని పొరలుగా పేర్చబడియుండును. నీరు ఆ పొరల నడుమకు చొచ్చుకొనిపోయి వానిని ఎడముచేయును. అందుచేత వాన కురిసిన రేగడి ఉబ్బును. ఎండకాసిన ముడుచుకొని బీటలు వారును. వేసవిలో మన చేలలో చెయ్యి దూరునంత పగుళ్లు కనబడుటకును, శ్రావణమున అదే చేను జిగురుముద్ద యగుటకును కారణమొక్కటే. ఎఱ్ఱనేలలలో సాధారణముగా నుండు బంకమట్టి వేరుజాతిది. దాని పొరలు గట్టిగా అతుకుకొని యుండుటచేత నీరు లోనికి దూరలేదు. కావుననే వాన వెలసిన గంటకే ఎఱ్ఱబాట నడువదగియుండగా నల్లబాట మూడుదినముల వరకు మనలను రానీయదు.

విద్యార్థులు దీనిని తామే పరీక్షించి చూడవచ్చును. గాజుసీసాలో గుప్పెడు రేగడియు, మూడువంతులు నీరును పోసి బాగుగా కుదిపి బల్లపై నుంచుడు. ఇసుక ఒక నిమిషములోపలనే అడుగునకు చేరును. ఒండ్రు కొన్నిగంటలలో దిగును. బంకమట్టి మాత్రము మరునాటికిని నీటిలో తేలుచు దానిని కలకగా నుంచును. మరియొక పరీక్ష: తడిమట్టిని అరచేతితో బల్లపై దొర్లించి దారమువలె చేయుడు. సుమారు 3 మిల్లీమీటర్ల లావునకు వచ్చువరకు తునుగక నిలిచెనేని అది బంకమట్టియని యెరుగవలయును. ఇసుకపాలు ఎక్కువైన మట్టి దారముగా సాగనే సాగదు. మట్టి యెంత తడికి ముద్దగా నిలుచును, ఎంత తడికి జారుడగును అను హద్దులను స్వీడనుదేశపు రసాయనశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ ఆటర్‌బర్గ్ 1911 ప్రాంతమున నిర్ణయించెను. నేటికిని రోడ్లువేయు ఇంజనీర్లు ఆయన పేరనే ఆ హద్దులను వ్యవహరింతురు. మన రేగడికి ఈ రెండు హద్దుల నడుమ దూరము చాల ఎక్కువ. అనగా బండిచక్రమునకు అంటుకొని పట్టుకొను స్థితిలో అది చాలకాల ముండునన్నమాట. ఇక్కడనే మన తిప్పలన్నియు పుట్టుచున్నవి.

ఇట్లు వ్రాయుచున్నందున రేగడిని దూషించుచున్నామని తలంపకుడు. శనగయు, జొన్నయు, ప్రత్తియు వానలు వెనుకబడినను నిలిచి పండుచున్నవన్న, ఆ మట్టి తనలో నీటిని దాచుకొనుటచేతనే. పంటకు ఏది గుణమో బాటకు అదే దోషమైనది.

రోడ్డు సంగతి రెండుమాటలలో ముగింతుము. స్కాట్లండు దేశస్థుడైన జాన్ లౌడన్ మెకాడం (1756–1836) కనిపెట్టిన గొప్పసంగతి యేమనగా, బండి బరువును నిజముగా మోయునది అడుగుననున్న నేలయే. దానిని పొడిగా నుంచగలిగిన అది మోయును, తడియనిచ్చిన మోయదు. కావున రోడ్డును చుట్టునున్న నేలకంటె ఎత్తుచేసి, నడుమ కొంచెము ఉబ్బుగా నుంచి, ఇరుప్రక్కల కాలువలు త్రవ్వి, చిన్నచిన్నగా పగులగొట్టిన రాతిముక్కలను పరపించెను. మన పల్లెబాటలు దీనికి సరిగా తలక్రిందులు. తరతరముల బండ్లు తిరిగి, అరిగి, బాట పొలముకంటె పల్లమైపోయినది. వానకాలమున అది బాటయుగాదు, కాలువయుగాదు. రేగడికి సున్నము కలిపి దిమ్మిస చేసిన దాని ఉబ్బుగుణము తగ్గునని ఇంజనీర్లు చెప్పుదురు. సున్నమునందలి కాల్షియము మట్టిపొరలను పట్టి యుంచుటయే అందులకు కారణము. ఇక దమ్ముచక్రములు తగిలించిన ట్రాక్టర్లను తారురోడ్డుపై నడుపువారినిగూర్చి ఒకమాట. ఎన్నిరోడ్లు వేసినను ఆ ఇనుపపలకలు ఒక ఋతువులో దానిని దున్నివేయుచున్నవి. మా విద్యార్థుల తండ్రులలో ట్రాక్టరు గలవారు పలువురు కలరు గనుక మొగమాటము లేక వ్రాయుచున్నాము.

ఇక జీపు. రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండగా, 1940లో, అమెరికా సైన్యమువారు బాటలేని చోట్ల తిరుగగల చిన్నబండి కావలెనని కోరగా బాంటమ్ అను చిన్న కంపెనీవారు మొదటి నమూనాను తయారుచేసిరి. పిమ్మట విల్లీస్, ఫోర్డు కంపెనీలవారు యుద్ధము ముగియులోపల ఆరులక్షలకు పైగా జీపులు నిర్మించిరి. మనదేశమున 1947లో బొంబాయియందు మహీంద్రావారు విల్లీసు జీపులను కూర్ప నారంభించిరి. అందుచేతనే మన తాతల కాలమునుండియు ఏ పల్లెలోనైనను జీపన్న తెలియనివారుండరు.

సాధారణమైన కారునకు రెండుచక్రములకే ఇంజనుబలము అందును. జీపునకు కావలసినప్పుడు నాలుగింటికిని అందించుటకు వేరుగా ఒక గేరుపెట్టె కలదు. అందు మిక్కిలి నెమ్మదిగా, మిక్కిలి బలముగా నడుచుటకు తక్కువగేరు కూడ నుండును. అయినను జీపు బురదలో దిగబడదని తలంచుట పొరపాటు. ఇరుసుమధ్యనున్న డిఫరెన్షియల్ అను పళ్లచక్రముల కూర్పు, మలుపులలో రెండు చక్రములు వేర్వేరు వేగముల తిరుగుటకు ఏర్పడినది. దానికొక దుర్గుణము కలదు. ఒక చక్రము జారుడుబురదలో పడినచో శ్రమలేక తిరుగగల ఆ చక్రమే గిరగిర తిరుగును. గట్టినేలమీదనున్న రెండవచక్రము కదలక నిలిచియుండును. ముందొకటి, వెనుకొకటి ఇట్లు జారినచో నాలుగుచక్రముల జీపైనను నిలిచిపోవలసినదే.

మా డ్రైవరు ఇరువదియేండ్లుగా ఈ బాటలెరిగినవాడు. ఆయనను చూచి మేము నేర్చుకొన్న సంగతులు కొన్ని చెప్పుదుము. బురద కనబడగానే ఆయన బండి నిలిపి దిగును. కర్రతో లోతు చూచును. నాలుగుచక్రముల గేరును బురదలో దిగబడిన పిమ్మట గాక ముందే వేయును. మధ్యలో గేరు మార్చడు, ఆగడు, త్వరపడడు. ఒకే వేగమున మెల్లగా సాగిపోవును. చక్రము జారుచున్నదని తెలిసిన తోడనే కాలు పైకెత్తును. తెలియనివారు ఆ సమయముననే ఆక్సిలరేటరును మరింత త్రొక్కుదురు. చక్రము తనగోతిని తానే త్రవ్వుకొని ఇరుసు నేలకు ఆనువరకు దిగును. అంతటితో పని ఎద్దులపాలగును.

మరియొక ఉపాయము టైర్లలో గాలి తగ్గించుట. ఇది లెక్కల తరగతిలో చెప్పదగిన విషయము. మొదటి విల్లీసు జీపు సుమారు 1100 కిలోగ్రాముల బరువుండెడిది. టైరులోని గాలి ఒక చదరపు సెంటీమీటరునకు 2 కిలోగ్రాముల వత్తిడితో నున్నదనుకొందము. అప్పుడు నాలుగుటైర్లును కలిసి నేలను ఇంచుమించు 550 చదరపు సెంటీమీటర్ల మేర తాకును. వత్తిడిని సగము చేసిన ఆ మేర ఇంచుమించు రెట్టింపగును. టైరుగోడల బిగువువలన లెక్క కొంచెము తప్పవచ్చును గాని మూలసూత్రము తప్పదు. బరువు ఎక్కువ నేలపై పరచుకొనుటచేత చక్రము లోతుగా దిగదు. కాని తారురోడ్డు ఎక్కకముందే మరల గాలి నింపవలయును. లేనియెడల టైరు వేడెక్కి చెడును, మలుపులలో రిమ్మునుండి ఊడిపోవు ప్రమాదమును కలదు. చేతిపంపు లేనివాడు గాలి తీయరాదని మా డ్రైవరు నియమము.

ఇంత జాగ్రత్తపడినను దిగబడునప్పుడు దిగబడును. అప్పుడు చక్రము ముందరి బురదను పారతో తీసి, వాలుగా బాటచేసి, జొన్నచొప్పయో, కందికట్టెయో, గోనెసంచులో పరచి మెల్లగా ఎక్కింపవలయును. తుమ్మకంప వేయుదురు కొందరు. ముండ్లు టైరునకు చేయు ఉపకారము తరువాత తెలియును. చక్రము వెనుక పిల్లలను నిలువనీయరాదు. పరచిన కట్టె బాణమువలె వెనుకకు ఎగురును. మోకుతో లాగునప్పుడు మోకు పొడుగునను, దాని దాపునను ఎవ్వరును ఉండరాదు. తెగినమోకు కొరడావలె కొట్టును.

ఇప్పుడు కడుగుట సంగతి. జీపు వచ్చిన మొదటి రెండేండ్లు మేమును అందరివలెనే కంటికి కనబడు భాగములనే కడిగితిమి. ప్రతి శనివారము సాయంకాలము పిల్లలు బకెట్లతో నీరుతెచ్చి బానెట్టును, తలుపులను, అద్దములను తళతళలాడునట్లు తోముచుండిరి. వార్షికోత్సవమునకు మైనము కూడ పూసితిమి. చూచినవారందరు మెచ్చుకొనిరి. ఆ క్రింద ఏమున్నదో ఎవ్వరును వంగి చూడలేదు, మేమును చూడలేదు.

ఆ సంవత్సరమే అక్టోబరు మాసమున సెలవులకు ఏడుగురు పిల్లలను ఎక్కించుకొని బయలుదేరితిమి. కాలువగట్టు ఎక్కు చోట ముందర ఒక బండి అడ్డముగా నుండుటచేత డ్రైవరు వాలునందే జీపు నిలిపి, చేతిబ్రేకు లాగి, ఇంజను ఆపి, ఆ బండివానికి సాయముచేయుటకు దిగెను. ముందుసీటున మేముంటిమి. బ్రేకుమీట గట్టిగా బిగిసినందున బ్రేకు పడినదనియే అందరము తలంచితిమి. కాని ఆ బిగువు బ్రేకుది కాదు. మీటనుండి వెనుకచక్రములకు పోవు తీగ తన తొడుగులో బురదపట్టి, తుప్పుపట్టి, అతుకుకొనిపోయినది, దాని బిగువది. జీపు మెల్లగా వెనుకకు దొర్లసాగెను. మేము కాలు చాచి బ్రేకుపెడల్ త్రొక్కులోపల పది పన్నెండు గజములు పోయి ఒక తుమ్మచెట్టుకు తగిలి నిలిచెను. చెట్టు లేనియెడల ఆ వెనుక కాలువ. ఒక బాలుని మణికట్టు బెణికినది. మరియెవ్వరికి దెబ్బతగులలేదు. ఆ సాయంకాలము మెకానికు వెనుకచక్రములు విప్పగా డ్రమ్ములలోనుండి రెండు దోసిళ్ల ఎండినరేగడి రాలినది. ఆ మట్టిని మేము ఒక డబ్బాలో దాచి సైన్సుగదిలో నుంచితిమి. నేటికిని ఉన్నది.

దానికి తరువాతనే కడుగుటయన నేమో నేర్చుకొన మొదలిడితిమి.

బురద ఇనుమునకు మూడువిధముల హానిచేయును. మొదటిది తుప్పు. ఇనుమునకు గాలియు, నీరును రెండును తగిలినప్పుడే తుప్పు పట్టును. పొడినేలమీద ఇనుము చాలకాలము నిలుచును. బంకమట్టి యన్ననో తడిని దినములతరబడి విడువదు. ఆ తడిబట్ట చుట్టినట్లు ఇనుమును చుట్టుకొని యుండును. అల్యూమినియముపై ఏర్పడు పొర గట్టిగా అంటుకొని లోపలిలోహమును కాపాడును. ఇనుపతుప్పు అట్లుగాక ఉబ్బి పొరలుపొరలుగా రాలి, క్రొత్తయినుమును గాలికి చూపించును. యుద్ధానంతరము బ్రిటనులో ఉక్కు కరవైనందున 1948లో వెలువడిన లాండ్‌రోవరుబండికి పైరేకులు అల్యూమినియపు మిశ్రలోహముతో చేసిరి. అవసరమే ఆ బండ్లకు దీర్ఘాయువు నిచ్చినది. రెండవ హాని ఒరపిడి. బురదలోని సన్ననియిసుక బ్రేకులలోను, కీళ్లలోను చేరి ఆకురాయివలె అరుగదీయును. మూడవది వేడి. రేడియేటరు సందులు బురదతో పూడిన గాలి చొరదు, ఇంజను కాగిపోవును.

ఇవిగాక చిన్నదొకటి. చక్రపు రిమ్ము లోపలివైపున ఒకచోట పిడికెడు మట్టి యెండి అతుకుకొన్న చాలును, తారురోడ్డుపై వేగమెత్తినప్పుడు స్టీరింగు గడగడ వణకును. యంత్రము చెడినదని భయపడి షాపునకు పోయి రూపాయలు పోసినవారిని మేమెరుగుదుము.

కడుగవలసినది ఆనాటి సాయంకాలమే. తడిరేగడి నీటికి కరగిపోవును. రెండునాళ్లు ఎండిన తరువాత అది ఇటుక. అయితే వచ్చినతోడనే నీరుపోయరాదు. ఇంజను, బ్రేకుడ్రమ్ములు, పొగగొట్టము కాలియుండగా చన్నీరు పోసినచో లోహము వంగుటయో, చిట్లుటయో సంభవించును. చేయిపెట్టి చూచి, చల్లారిన పిమ్మట నీడలో నిలుపవలయును. మేము బావివద్ద బేతంచెర్ల బండలు పరచి, కొంచెము వాలుగా ఒక స్థలము ఏర్పాటు చేసితిమి. జీపును అక్కడ నిలిపి, గేరులో నుంచి, చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టుదుము. చేతిబ్రేకును నమ్ముట మానివేసితిమి.

మొదట అడుగుభాగము. పైభాగము మొదట కడిగిన అడుగునుండి చిమ్మిన బురద మరల పైకెక్కును. మడ్గార్డుల లోపలివైపు, చక్రముల వెనుక, స్ప్రింగుపట్టాల నడుమ, చాసీ కమ్ముల గూళ్లలో నీరు ధారగాపోసి పావుగంట నాననీయవలయును. బలము చూపవలసిన పనిలేదు, నానుటయే సగముపని. పిమ్మట పొడుగుపిడి చీపురుతోను, వెదురుబద్దతోను తీసిన ముద్దలు ముద్దలుగా ఊడిపడును. లోహపు గడ్డపారతో గీకరాదు, రంగు లేచి అక్కడనే తుప్పు మొదలిడును. తలుపుల అడుగునను, చాసీలోను నీరు కారుటకై చిన్నరంధ్రములుండును. అవి పూడిపోయిన లోపల నీరు నిలిచి మనకు తెలియకయే ఇనుమును తినివేయును. కడిగిన నీరు తేటగా వచ్చువరకు వానిని శుభ్రపరుపవలయును.

రేడియేటరునకు ఇంజనువైపునుండి ముందరివైపునకు మెల్లగా నీరు పోయవలయును. ముందునుండి బలముగా కొట్టిన బురద మరింత లోనికిపోవుటయే గాక పలుచని రేకులు వంగిపోవును. ఇంజనుగదిలో ధారాళముగా నీరు పోయుట తగదు. పాత పెట్రోలుజీపులలో డిస్ట్రిబ్యూటరు తడిసిన బండి కదలదు. నేటిబండ్లలో తీగలకొసలు, కంప్యూటరుపెట్టెలు పెక్కు ఉన్నవి. గట్టిధారగల పంపుతో వానిని కొట్టిన కలుగు నష్టము బురదవలని నష్టముకంటె హెచ్చు. తడిగుడ్డతో తుడిచిన చాలును.

పైభాగము కడుగునప్పుడు టాపునుండి క్రిందికి రావలయును. ఎండినధూళిని పొడిగుడ్డతో ఎన్నటికిని తుడువరాదు. అందులోని ఇసుక స్ఫటికశిలారేణువు. కాఠిన్యపు మెట్లలో ఏడవది. రంగునే గాక అద్దమును గూడ గీయగలదు. మొదట నీటితో మట్టిని జార్చి, తరువాత కొంచెము మెత్తని సబ్బునీటితో గుడ్డ తడిపి రాయవలయును. బట్టలసోడా వాడిన మైనముపొర పోవును. బకెట్లు రెండుండవలయును. ఒకదానిలో సబ్బునీరు, రెండవదానిలో గుడ్డ జాడించుటకు మంచినీరు. ఒక్కబకెట్టుతోనే పనిచేసిన గుడ్డకంటిన యిసుకతోనే బండిని మరల తోముచుందుము.

కడిగినతోడనే పని ముగియలేదు. జీపును ఆవరణములో ఒక చుట్టు నడిపి, బ్రేకును మెల్లగా అనేకసారులు త్రొక్కి, లోపలితడిని ఆరబెట్టవలయును. తడిబ్రేకు సమయమునకు పట్టదు. వంకలో దిగివచ్చినదైన గేరునూనెయు, ఇరుసునూనెయు చూడవలయును. మజ్జిగరంగు వచ్చినయెడల లోనికి నీరుచేరినదని గుర్తు. ఆ నూనె మార్చక నడుపరాదు. కీళ్లకు గ్రీజు కొట్టునప్పుడు పాతగ్రీజుతోగూడ నీరును, మట్టియు వెలికివచ్చును. తేటగ్రీజు కనబడువరకు కొట్టవలయును. కడపట వాలుమీద చేతిబ్రేకు పరీక్ష. బండిలో డ్రైవరు తప్ప ఎవ్వరును ఉండరాదు.

కడిగిన నీరు ఎక్కడకు పోవుననునది మేము మొదట ఆలోచింపనిది. మొదటిసంవత్సరము చెరువుగట్టున కడిగితిమి. నీటిమీద రంగురంగుల నూనెతెట్ట వ్యాపించినది చూచి సిగ్గుపడితిమి. ఆ చెరువులోనే పశువులు నీరు త్రాగును. బండలవద్ద ఇప్పుడొక గుంత కలదు. మట్టి అడుగున దిగును. పైకితేలిన జిడ్డును రంపపుపొట్టు చల్లి తీసివేయుదుము. రెండవసంవత్సరము గుంతచుట్టు వయ్యారిభామ మొక్కలు గుంపుగా మొలచినవి. మా ఆవరణములో అంతకుముందు అది లేదు. బురదతో విత్తనములు చక్రములకంటి వచ్చినవి. అమెరికా ఖండమునుండి వచ్చిన ఈ కలుపు 1955-56 ప్రాంతమున పూనాలో కనబడి అటుపిమ్మట దేశమంతయు ప్రాకినది. దానివలన చర్మమునకు దురదయు, కొందరికి ఉబ్బసమును కలుగును. అది పూతకురాకముందే చేతికి తొడుగులు వేసికొని పెరికించుచున్నాము.

ఆ తండ్రిగారి జాబు విషయమునకు మరల వత్తుము. పిల్లలచేత పనిచేయించుట తప్పని మేమనుకొనము. కాని విచారింపగా, వారి కుమారుడు జీపుక్రిందికి దూరి బురద తీయుచుండుట నిజమేనని తేలినది. అది మా తప్పు. బండి జాకీమీద నుండగా క్రిందికి పోవుట పెద్దలకును ప్రాణాపాయమే. అప్పటినుండి జీపుక్రింది పని డ్రైవరును, మేమును చేయుచున్నాము. పిల్లలు నీరు తెచ్చుట, పైభాగము తుడుచుట, గుంత శుభ్రపరచుట మాత్రమే చేయుదురు. అదియును ఇష్టపడినవారే, పరీక్షల నెల తప్ప. దసరాకు ఆ తండ్రిగారు వచ్చి చూచి, తాము ట్రాక్టరును ఇరువదియేండ్లనుండి నడుపుచున్నవారగుటచేత, చాసీరంధ్రములను శుభ్రపరచుటకు మేము వాడు వెదురుబద్దకంటె పాతసైకిలు బ్రేకుతీగ మేలని చూపించిరి. ఇప్పుడు అట్టిదొకటి ఎల్లప్పుడును జీపులో నుండును.

కడపట తలిదండ్రులకొక విన్నపము. వచ్చు వర్షకాలమున వంక పొంగిననాడు జీపు దాటదు. ఒక అడుగు లోతున పారునీరు చిన్నకారును తేల్చగలదు. రెండడుగుల ప్రవాహము జీపువంటిదానినైనను కొట్టుకొనిపోగలదు. క్రింద బాట కోసుకొనిపోయినదో లేదో పైకి కనబడదు. అట్టిదినమున పిల్లలను పాఠశాలయందే నిలుపుకొని మీకు ఫోనుచేసి తెలుపుదుము. మీరును అవతలిగట్టున నిలిచి డ్రైవరును దాటిరమ్మని కేకలువేయకుడు. మామూలు దినములలో, వానపడినచో, తారురోడ్డు మలుపున వేపచెట్టుక్రిందికి వచ్చి పిల్లలను తీసికొనిపోయెదరేని ఆ చివరి రెండు కిలోమీటర్ల బురద మీ కాళ్లకు మాత్రమే అంటును. అది కడుగుకొనుట తేలిక.